తాతయ్య చుట్ట... బావ సిగార్

దమ్మపేటకూ 'దమ్ము'కూ ఏ సంబంధమూ లేదు. ఆ ముక్క ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఊళ్లో వాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలి! కాకపోతే మా తాతయ్య అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించే రోజుల్లో 'మీ ఊరికి ఆ పేరెలా వచ్చింది?' అని చుట్టాలెవరైనా అడిగితే, పిల్లలమంతా ఆయన వంకే వేలు చూపించేవాళ్లం.

ఒకవైపు సత్తుపల్లి, ఇంకోవైపు అశ్వారావుపేట. మధ్యలో అమ్మమ్మగారి ఊరు. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. మామిడి, జీడిమామిడి తోటలు, వాటిని మించి పామాయిల్ తోటలు. అవి దాటితే అడవి. ఎండాకాలం సెలవులకు వెళ్తే తునికాకు కోతలు జరుగుతుండేవి. యాభై ఆకులకో కట్ట చొప్పున ఎండబెట్టిన బీడీ ఆకు వాసన, తాతయ్య చుట్ట వాసన... నా చిన్నతనమంతా ఆ రెండు వాసనల మధ్యే గడిచింది. అలాగని పొగతాగే అలవాటు నాకు అబ్బలేదు. ఎందుకు అబ్బలేదన్నది చివర్లో చెబుతాను.

పెట్టె తెరిస్తే...

మొన్న సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి అక్కా బావా వచ్చారు. పిల్లలకు చాక్లెట్లు, అమ్మమ్మకు మోకాళ్ల నొప్పుల మాత్రలు, నాకో పెన్ను. తాతయ్య కోసం మాత్రం బావ ప్రత్యేకంగా ఓ చెక్కపెట్టె పట్టుకొచ్చాడు. మూత తీయగానే దేవదారు వాసన. లోపల వరసగా పడుకోబెట్టిన ఐదు సిగార్లు. ఒక్కోదానికీ నడుముకు వడ్డాణంలా బంగారు రంగు కాగితం పట్టీ.

'మైల్డ్ టు మీడియం అట తాతగారూ. అస్సలు ఘాటుండదు. ఒక్కోటీ పన్నెండు డాలర్లు' అన్నాడు బావ గొప్పగా.

ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎందుకంటే, బావకు తెలియని సంగతొకటుంది. తాతయ్య చుట్ట మానేసి పన్నెండేళ్లయింది. ఆ సంగతి అక్క చెప్పలేదు. 'ఆ పెట్టె లోపల పెట్టమను' అంది అమ్మమ్మ, ఎవరి వంకా చూడకుండా. బావ ముఖం చిన్నబోయింది. తాతయ్య మాత్రం నెమ్మదిగా చెయ్యి చాచాడు.

'కాల్చనులేవే. ఆకు చూస్తాను, ఇటివ్వు' అన్నాడు.

(ఆ సిగార్ పేరేమిటో ఇక్కడ రాయడం లేదు. పొగాకు సరుకుకు ప్రచారం చేయకూడదని 2003లోనే చట్టం వచ్చింది. అయినా ఈ కథకు పేరుతో పనిలేదు.)

వేలితో నొక్కి... ముక్కుతో చదివి

ముందు కళ్లజోడు తెప్పించుకున్నాడు. వాకిట్లోకి జరిగి, సిగార్‌ను వెలుతురుకు పట్టి గుండ్రంగా తిప్పాడు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది పైఆకు. నున్నగా, పట్టులా ఉంది. ఎక్కడా లావుపాటి ఈనె కనపడదు.

'ఇది నీడన పెరిగిన ఆకు. ఎండ తగలనివ్వలేదు' అన్నాడు.

బావ పెట్టెలో ఉన్న కరపత్రం తీసి చదివాడు. అచ్చం అదే రాసుంది! అమెరికాలోని కనెక్టికట్ నదీ లోయలో 1900లో పొగాకు మడుల మీద పలచటి గుడ్డ పందిళ్లు వేయడం మొదలుపెట్టారు. సుమత్రా దీవి నుంచి వచ్చే పలచటి ఆకుతో పోటీ పడలేక కనిపెట్టిన ఉపాయమది. ఎండ నేరుగా పడకపోతే ఆకు పలచగా సాగుతుంది, రంగు లేతగా ఉంటుంది, ఈనెలు సన్నబడతాయి. ఘాటు తక్కువ సిగార్లకు పైఆకుగా దీన్నే ఎక్కువగా వాడతారు. న్యూజెర్సీ నుంచి మోసుకొచ్చిన కరపత్రంలోని మాట, దమ్మపేట దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లని ముసలాయన వేళ్లకు ఎలా తెలిసింది? 'పందిరి కింద తమలపాకుకూ బయట తమలపాకుకూ తేడా మీ అమ్మమ్మనడుగు, చెబుతుంది' అని తేల్చేశాడు.

తర్వాత బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుకుంటూ వెళ్లాడు. సిగార్ బాగా చుట్టారా లేదా అన్నది తెలిసేది ఇక్కడే. నొక్కితే కొంచెం లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. మధ్యలో గట్టిగా గడ్డలా తగిలితే అక్కడ ఆకు కుక్కేశారన్నమాట. ఎంత లాగినా గాలి రాదు. మెత్తగా గుల్లలా ఉంటే గబగబా కాలిపోయి నోరు మండుతుంది. చిటపటమని చప్పుడైతే ఆకు ఎండిపోయినట్టు. అందుకే విదేశాల్లో సిగార్లను గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండేలా చూసే ప్రత్యేకమైన పెట్టెల్లో దాస్తారు. మన రైతులు దీన్ని ఒక్కమాటలో 'పదును' అంటారు. పొగాకును మంచు కురిసే తెల్లవారుజామునే ముట్టుకునేది అందుకే. ఆ వేళ ఆకు పదును మీద ఉంటుంది. పొద్దెక్కాక ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోతుంది.

ఆఖరుగా, నిప్పు పెట్టే కొసను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అరనిమిషం గడిచింది. అమ్మమ్మ దగ్గింది. ఆయన కళ్లు తెరిచి, 'మండెలో బాగా మగ్గింది. పచ్చివాసన లేదు' అన్నాడు.

మండె కథ

ఈ 'మండె' దగ్గర కాస్త ఆగాలి. సిగరెట్‌కూ సిగార్‌కూ అసలు తేడా అక్కడే ఉంది.

మాకు దగ్గర్లోని జంగారెడ్డిగూడెంలో పొగాకు వేలం కేంద్రం ఉంది. అక్కడికొచ్చేది సిగరెట్ల కోసం పండించే వర్జీనియా ఆకు. దాన్ని బ్యారన్‌లో పెట్టి, గొట్టాల్లో వేడి పంపి, వారం తిరక్కుండా పసుపుపచ్చగా మార్చేస్తారు. సిగార్ ఆకుకు ఈ తొందర పనికిరాదు. తోరణాలు కట్టి గాలికి వారాల తరబడి ఆరబెట్టాలి. ఆ తర్వాత కొద్దిగా తడిచేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి గుట్టగా వేయాలి. అదే మండె. గడ్డివాములో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుందే, అలా మండెలో వేడి పుడుతుంది. వేడి మరీ ముదిరితే ఆకు మాడిపోతుంది. కాబట్టి గుట్ట విప్పి, లోపలి ఆకు పైకీ పైఆకు లోపలికీ మార్చి మళ్లీ పేర్చాలి. ఇలా ఎన్నోసార్లు చేస్తారు. అప్పుడు ఆకులోంచి అమ్మోనియా వెళ్లిపోతుంది. నికొటిన్ కొంత తగ్గుతుంది. గొంతు పట్టేసే పచ్చిఘాటు పోయి కమ్మటి వాసన మిగులుతుంది. క్యూబాలో ఈ గుట్టను 'పిలోన్' అంటారు. పేరు వేరైనా పని ఒకటే. ఆవకాయకు ఊట ఎంతో సిగార్ ఆకుకు మండె అంత.

మంచి సిగార్‌లో మూడు పొరలుంటాయి. లోపల పొడవాటి ఆకులు నాలుగైదు మడిచి పెడతారు. వాటిని పట్టి ఉంచేందుకు ఇంకో గట్టి ఆకు చుడతారు. దాని మీద నున్నటి పైఆకు. హవానా ఫ్యాక్టరీల్లో చెయ్యి తిరిగిన పనివాళ్లు రోజుకు వంద దాకా చుడతారు. వాళ్లకు పొద్దుపోవడానికి ఒకరు ఎత్తుపీట మీద కూర్చుని పేపర్లూ నవలలూ గట్టిగా చదివి వినిపించే ఆచారం 1865 నుంచీ ఉంది. 'మాంటెక్రిస్టో', 'రోమియో జూలియెట్' అని సిగార్లకు కథల పేర్లెందుకున్నాయా అనుకునేవాణ్ని. ఇదీ సంగతి!

ఘాటు ఎక్కడుంటుంది?

'మైల్డ్ అంటే మందేదో కలిపి ఘాటు తగ్గిస్తారా?' అని అడిగాను.

తాతయ్య నవ్వాడు. 'మొక్క ఒకటే. ఏ ఆకు తుంచావన్నదే లెక్క' అన్నాడు.

పొగాకు మొక్క అడుగున ఉండే ఆకులకు ఎండ తక్కువ తగులుతుంది. అవి పలచగా ఉంటాయి, తేలిగ్గా మండుతాయి, రుచి అంతంతమాత్రం. మధ్య ఆకుల్లో వాసన ఎక్కువ. పైన తల దగ్గరుండే ఆకులు దళసరివి. ఎండంతా తాగి, జిడ్డు పట్టి ఉంటాయి. ఘాటంతా వాటిలోనే. పూత రాకముందే తల తుంచి, పిలకలు గిల్లేస్తే మొక్క బలమంతా ఆకులకే పోయి ఘాటు ఇంకా పెరుగుతుంది. క్యూబా వాళ్లు కింది నుంచి పైకి ఈ ఆకులకు వరసగా 'వొలాడో', 'సెకో', 'లిహేరో' అని పేర్లు పెట్టుకున్నారు. మైల్డ్ టు మీడియం సిగార్ అంటే అడుగు, మధ్య ఆకులు ఎక్కువ, తలాకు చాలా తక్కువ కలిపి చుట్టింది. వెన్న, జీడిపప్పు, ఎండుగడ్డి, కాఫీ... ఇలాంటి వాసనలన్నీ ఇందులో దొరుకుతాయని తెలిసినవాళ్లు చెబుతారు.

తాతయ్య చుట్టలో ఈ లెక్కలు తలకిందులు. 'తలాకు లేకపోతే అది చుట్టేంట్రా, గడ్డి!' అనేవాడు అప్పట్లో.

షెర్లాక్ హోమ్స్‌కు తెలిసిన లంక

తాతయ్య పొగాకు కాడలు సంతలో కొనేవాడు. ఏ కాడ పడితే ఆ కాడ తీసుకునేవాడు కాదు. 'లంకదేనా?' అని రెండుసార్లు అడిగి, కొస తుంచి వాసన చూసి, అప్పుడు డబ్బులు తీసేవాడు. లంక అంటే శ్రీలంక కాదు, గోదావరి లంక. వరదొచ్చినప్పుడల్లా నది తెచ్చి పోసే ఒండ్రుమట్టిలో, వరద తీశాక నాటే పొగాకు. ఆ మట్టి మహిమ వల్ల ఆకు దిట్టంగా వస్తుంది, ఘుమఘుమలాడుతుంది.

దాని పేరు ఎంతదూరం పోయిందో తెలిస్తే తాతయ్య పొంగిపోతాడనుకుని, ఆ సాయంత్రం ఓ కథ చెప్పాను. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ పేరు వినని వాళ్లుండరు. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో ఆయన, 140 రకాల పొగాకు బూడిదల మీద తానో చిన్న పుస్తకం రాశానని చెప్పుకుంటాడు. హత్య జరిగిన చోట దొరికిన బూడిదను బట్టి హంతకుడు ఏది కాల్చాడో చెప్పగలిగితే వెతకాల్సిన పరిధి తగ్గిపోతుందంటాడు. అందుకు ఉదాహరణగా చెప్పే మొదటి పేరేమిటో తెలుసా... ఇండియన్ 'లంకా'! ఆ లంకా ఏమిటన్నది 1886లో తొలిసారి అచ్చయిన 'హాబ్సన్ జాబ్సన్' అనే ఆంగ్లో ఇండియన్ పదకోశంలో దొరుకుతుంది. గోదావరి డెల్టాలోని లంకల్లో పండే పొగాకుతో చేసే ఘాటైన చుట్ట అనీ, మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి మహా గిరాకీ అనీ అందులో ఉంది.

ఇంగ్లిషు వాళ్లు చుట్టను 'చెరూట్' అంటారు. అది తమిళుల 'సురుట్టు' నుంచి పోయిన మాట. మన 'చుట్టు', 'చుట్ట' దానికి తోబుట్టువులు. తిరుచిరాపల్లి, దిండిగల్ చుట్టలు ఓడలెక్కి లండన్ వెళ్లాయి. మనవైపు గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్ట కాలుస్తూ లెక్చర్లు దంచాడు. గరుత్మంతుడు తెస్తున్న అమృతంలోంచి ఒక చుక్క జారిపడి పొగచెట్టయిందని చమత్కరించే చాటుపద్యం కూడా మనకుంది. నిజానికి అమృతం చుక్క కాదు, అమెరికా ఖండం మొక్క. కొలంబస్ మనుషులు 1492లో క్యూబాలో ఆకు చుట్టి పొగపీల్చే జనాన్ని చూసి విస్తుపోయారు. మిరపకాయ, జీడిమామిడితో పాటే పోర్చుగీసు వాళ్ల ఓడల్లో పొగాకూ మన తీరం చేరింది. అంటే బావ తెచ్చిన సిగార్‌కూ తాతయ్య చుట్టకూ ముత్తాత ఒక్కడే!

అంతా విని తాతయ్య ఒకే ప్రశ్న వేశాడు. 'మరి మన లంక చుట్టకు ఆ బంగారు పట్టీ ఎందుకు వేయలేదో?'

నా దగ్గర జవాబు లేదు. ఒకే విద్య. హవానాలో చేస్తే కళ, రాజమండ్రి పక్కన చేస్తే మోటు. దొరలు కాలిస్తే దర్జా, రొంటిన దోపుకుంటే నామోషీ. ఆకు మట్టుకు ఇద్దరికీ ఒకేలా మండింది.

వెలిగించడమూ ఒక విద్యే

భోజనాలయ్యాక బావ మెల్లగా 'ఒక్కటి వెలిగించనా?' అన్నాడు. పిల్లల్ని లోపలికి పంపేశారు. పెరట్లో జామచెట్టు కింద కుర్చీ వేశారు. పొగ తన మీదికి రాకుండా తాతయ్య గాలివాటు చూసుకుని, అల్లంత దూరాన నులకమంచం వాల్చుకున్నాడు. అక్కడి నుంచే పాఠం మొదలైంది.

ముందు నోట్లో పెట్టుకునే కొస కత్తిరించాలి. ఆ చివర అతికించిన చిన్న టోపీలాంటి ఆకుముక్కను పైపైనే తీసేయాలి. లోతుగా కోస్తే పైఆకు పాగా ఊడినట్టు ఊడొస్తుంది. బావ దగ్గర దానికోసం ఒక బుల్లి గిలెటిన్ ఉంది. తాతయ్యకు ఆ పనికి ముందుపళ్లుండేవి. కొరికి తుపుక్కున ఊసేవాడు.

బావ జేబులోంచి లైటర్ తీశాడు. 'ఆ కిరసనాయిలు వాసనంతా ఆకుకు పడుతుంది. అగ్గిపెట్టె తీసుకో బాబూ' అన్నాడు తాతయ్య. పుల్ల గీయగానే పెట్టకూడదు. తలలోని మందు పూర్తిగా కాలిపోవాలి. సిగార్‌ను మంటలో ముంచకుండా, మంటకు కాస్త పైన పట్టి అప్పడం కాల్చినట్టు తిప్పుతూ అంచులు ఎర్రబడనివ్వాలి. అప్పుడు గానీ మొదటి దమ్ము లాగకూడదు. ఒకప్పుడు తాతయ్యకు పొయ్యిలోంచి పట్టకారుతో నిప్పుకణిక తెచ్చిచ్చే ఉద్యోగం నాదే.

పొగ మింగకూడదు. నోట్లో తిప్పి వదిలేయాలి. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. బావ కబుర్లలో పడి వరసగా నాలుగు లాగాడు. 'ఆగాగు... చేదెక్కలా?' అన్నాడు తాతయ్య. ఎక్కిందట! గబగబా లాగితే నిప్పు వేడెక్కి ఆకులోని నూనెలు మాడిపోతాయి. పన్నెండు డాలర్లదైనా అప్పుడు కాలిన గుడ్డ రుచే.

బూడిద అంగుళం పొడవు పెరిగినా రాలలేదు. తెల్లగా, గట్టిగా నిలబడింది. 'దులపకు. అదే రాలుతుంది. అది ఉంటేనే నిప్పు చల్లగా కాలుతుంది' అన్నాడు మంచం మీంచి. కాసేపు ఆ బూడిద వంకే చూసి, 'తీపి నీళ్లు పారిన చేను' అన్నాడు. ఉప్పునీళ్లు పారిన చేలో ఆకు సరిగ్గా మండదు. కనలి కనలి నల్లటి బూడిదతో ఆరిపోతుంది. నీళ్లలోని క్లోరైడ్ ఆకులో చేరడమే కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు. రాజమండ్రిలో 1947లో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ లాంటివి ఇలాంటి విషయాల మీదే ఏళ్ల తరబడి పనిచేశాయి. తాతయ్యకు ఆ సంస్థ ఉందని కూడా తెలియదు. ఆయనకు తెలిసింది నుసి రంగు.

ముప్పావుగంట గడిచింది. సిగార్ మూడో వంతుకొచ్చింది. మొదట వెన్నలా ఉన్నదల్లా ఇప్పుడు కారంగా తగులుతోందన్నాడు బావ. కాలుతున్నకొద్దీ తారు, తేమ, నికొటిన్ వెనక్కి జరుగుతూ చివరి ముక్కలో పేరుకుంటాయి మరి. 'ఇంక అక్కడ పెట్టెయ్. నలపకు. దానంతటదే ఆరుతుంది. పీక దాకా లాగేవాడికి ఆకు విలువ తెలిసినట్టు కాదు' అన్నాడు తాతయ్య.

బావ పెట్టేశాడు. సన్నటి నీలం పొగ ఒకటి జామకొమ్మల్లోకి లేచి మాయమైంది. తాతయ్య దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వద్దని తెలిసినవాడి చూపది.

మెత్తనిదే మాయ

ఇప్పుడు అసలు సంగతి.

పన్నెండేళ్ల కిందట తాతయ్యకు కారం తగిలితే నోరు భగ్గుమనడం మొదలైంది. ఖమ్మం తీసుకెళ్తే, డాక్టరు టార్చిలైటు వేసి చూసి బుగ్గ లోపల తెల్లమచ్చ ఉందన్నాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆ పది రోజులూ అమ్మమ్మ అన్నం సరిగా తినలేదు. 'ఇంకా క్యాన్సర్ కాలేదు. ఇలాగే కాలిస్తే అవుతుంది' అని డాక్టరు తేల్చాడు. యాభై ఏళ్ల అలవాటు ఆ రోజుతో సరి. రొంటిన ఉన్న చుట్టలు తిరుగు బస్సులోంచి కిటికీ బయటికి విసిరేశాడు. నాకు అలవాటు ఎందుకు కాలేదో ఇప్పుడు అర్థమైందిగా. ఆ బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చున్నది నేనే.

బావ తెచ్చిన కరపత్రంలో ఈ ముక్కలు లేవు. 'పొగ మింగను కదా, నాకేం కాదు' అన్నది సిగార్ ప్రియులు తరచూ చెప్పే మాట. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ. ఊపిరితిత్తుల దాకా వెళ్లక్కర్లేకుండానే, నోటి లోపలి పొర నుంచే నికొటిన్ రక్తంలో కలుస్తుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ పెట్టె మొత్తంలో ఉన్నంత పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు సిగార్, చుట్ట, బీడీ అన్న తేడా తెలియదు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని 'అడ్డపొగ' తాగే అలవాటు మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువని తేలింది. మన దేశంలో పొగాకు ఏటా 13 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోంది. వాళ్లలో ఎందరికి ఆకు గురించి మా తాతయ్యకు తెలిసినంత తెలుసో... తెలిసినా కాపాడేది కాదు.

'మైల్డ్ అన్నారుగా తాతగారూ... ఇది అంత చెడ్డదా?' అన్నాడు బావ కాస్త బెరుకుగా.

తాతయ్య ఇంకా వెలిగించని సిగార్ ఒకటి చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. దాన్ని ఒకసారి ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, పెట్టెలో పెట్టేశాడు.

'చెడ్డదని ఎవరన్నారు? ఇంత మంచి ఆకు నేనెప్పుడూ చూళ్లేదు. భయం కూడా అందుకే బాబూ. నా చుట్ట ఘాటుది. నాలుగు దమ్ములకు దగ్గొచ్చేది. చాల్లే అని అదే చెప్పేది. ఇది మెత్తనిది. ఎప్పుడు చాలో చెప్పదు. నువ్వే తెలుసుకోవాలి.'

ఎవ్వరం మాట్లాడలేదు. రుచి తెలుసుకోవడమంటే ఏమిటో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. రంగు, వాసన, బూడిద, మండె, నీడ పందిరి... అన్నీ వాటిల్లో ఉంటాయి. ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో తెలియడం కూడా రుచి తెలియడంలో భాగమేనని నాకు చెప్పింది మాత్రం మా దమ్మపేట తాతయ్యే.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ ఆ చెక్కపెట్టెను కడిగి ఎండలో పెట్టింది. మిగిలిన నాలుగు సిగార్లు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. ఇప్పుడా పెట్టెలో పోపుదినుసులున్నాయి. మూత తీస్తే ఆవాలు, మెంతులు... అడుగున ఎక్కడో ఇంకా కాస్త దేవదారు వాసన.

తాతయ్య రోజూ ఓసారి వంటింట్లోకి వెళ్లి ఆ మూత తీసి చూస్తాడట. జీలకర్ర కోసమే అంటుంది అమ్మమ్మ!